దస్మత్ కైనా: దుర్గుసీమ గాథ, ఒడ్డెవారి జాడ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి దుర్గుసీమలో దేవారులను సంచారగాయకులు పాడు గాథలలో ‘దస్మత్ కైనా’ యనునది ప్రసిద్ధమైనది. ‘దస్మత్ ఓడనిన్’ అనియు దీనికి నామాంతరము కలదు. చెరువు త్రవ్వవచ్చిన మట్టిపనివారిలో ఒక చక్కని యువతిని ఆ సీమను ఏలు రాజు కామించుట, ఆమె వానికి దక్కక తనవారితో నశించుట ఇందలి కథ. ఇంతమాత్రమే చెప్పినచో ఇది దేశమంతట వినవచ్చు కథలలో ఒకటి. అయినను తెలుగువారు దీనిని ప్రత్యేకముగ గమనింపవలసిన కారణములు రెండు గలవు. గాథ జరిగినదని చెప్పుచోటు భిలాయి ఉక్కునగరమును అంటియున్న దుర్గు ప్రాంతము. ఆ నగరమున ఉక్కు కర్మాగారము వెలసిననాటి నుండియు తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. ఇక నాయిక ఓడజాతి స్త్రీ. ఆ పేరు మన ‘ఒడ్డె’ శబ్దమునకు తోబుట్టువు.

కథను పాడు తీరు గాయకులను బట్టి మారును. సామాన్యముగ వినవచ్చు క్రమమిది. భోజుడను రాజునకు ఏడుగురు కుమార్తెలు. మీరు ఎవరి భాగ్యమున తినుచున్నారని తండ్రి అడుగగా ఆరుగురు నీ భాగ్యముననే యనిరి. కడపటిదైన దస్మత్ మాత్రము నా భాగ్యమున నేను తినుచున్నాననెను. రాజు కోపించి ఆమెను నిరుపేదయగు ఒక ఓడవానికి ఇచ్చి పంపివేసెను. ఆమె మగనితో గూడ మట్టి మోయుట నేర్చి, ఆ జనముతో దేశములు తిరిగి, తుదకు దుర్గుసీమకు చెరువు త్రవ్వ వచ్చెను. వచ్చినవారు తొమ్మిది లక్షల ఓడవారు, తొమ్మిది లక్షల ఓడస్త్రీలు అని గాథ లెక్క చెప్పును. గట్టుపై తట్టతో ఎక్కుచు దిగుచునున్న దస్మత్‌ను రాజు చూచెను. ఆమెను తనదానిగ చేసికొనగోరెను. ఆమె పెట్టిన నియమములకు ఒప్పుకొని రాజు తాను కూడ మట్టితట్ట మోసెను, సారా త్రాగెను, పందిమాంసము తినెను. వానిని మత్తున పడవేసి ఓడవారు రాత్రికి రాత్రి తరలిపోయిరి. సైన్యము వెంబడించెను. మగవారు చచ్చిరి. దస్మత్ అగ్నిలో ప్రవేశించెను.

దుర్గు పట్టణమందలి హరనాబాంధా యను చెరువును ఈ కథతో ముడిపెట్టి చెప్పుకొందురు. చెరువు నిజముగ ఎవరు త్రవ్వించిరన్నది మనకు ఇచ్చట ప్రధానము గాదు. ప్రతి పెద్దచెరువునకును ఒక కథ అవసరమగుట మన దేశపు సంప్రదాయము.

ఈ గాథను గూర్చి వ్రాసినవారు తరచుగ సౌందర్యము, పాతివ్రత్యము అను రెండు మాటలతో ముగింతురు. అందమే ఆమెకు శత్రువైనదనియు, శీలముకొరకు ప్రాణము విడిచినదనియు వారి భావము. అది తప్పు కాదు, చాలదు. మొదటి ఘట్టమును మరల చూడవలెను. తండ్రికి ఆమె చెప్పిన ఉత్తరమే కథకు బీజము. అన్నము పెట్టుచున్నాను గావున నీవు నా సొత్తు అని తండ్రి తలచెను. కూలి ఇచ్చుచున్నాను గావున నీవు నా సొత్తు అని రాజు తలచెను. ఇరువురకును ఆమె ఉత్తరము ఒక్కటియే. తండ్రిపట్టున అది మాటతో చెప్పబడినది, రాజుపట్టున చేతతో చెప్పబడినది. ప్రశ్న అడుగు తండ్రి, ఎదురు పలుకు కడగొట్టు బిడ్డ అను వృత్తాంతము లోకమున పలుచోట్ల గలదు. షేక్స్‌పియరు లియరు రాజు కథయు దానికి చుట్టమే. కాని ఆ కథలలో తుదకు తండ్రి తన తప్పు తెలిసికొనుట ముఖ్యము. ఇచ్చట తండ్రి మరల కానరాడు. ఆ స్థానమున రాజు వచ్చి నిలిచినాడు. ఈ మార్పు గాయకుల మతిమరపు వలన వచ్చినది కాదని నా యభిప్రాయము.

మట్టిపని రీతి తెలిసినవారికి ఇది మరింత స్పష్టమగును. చెరువు త్రవ్వకమున మగవాడు పలుగుతో త్రవ్వి పారతో తట్ట నింపును. ఆడుది ఆ తట్టను చుట్టకుదురుపై నెత్తికెత్తుకొని గట్టుమీదికి పోయి కుమ్మరించును. త్రవ్వినచోట లోతు కొలుచుటకై నడుమ నడుమ మట్టిదిమ్మెలు వదలుదురు. వానిని బట్టి గొయ్యి పరిమాణము లెక్కించి కూలి కట్టుదురు. కావున కూలి ఒక్కని చేతిది కాదు, ఆలుమగల జోడుది. ఆ జోడునుండి ఆమెను విడదీయుట యనగా గృహమును మాత్రమే గాక బ్రతుకుతెరువును కూడ విరుచుట. మరియొకటి: ఘోషాలోని రాణిని పరాయివాడు చూడజాలడు, గట్టెక్కు మట్టికూలిని ఎల్లవారును చూతురు. పని ఆమెను రాజు కంటబడునట్లు ఎత్తున నిలువబెట్టుచున్నది. కావ్యనాయిక వలె ఆమె మేడ గవాక్షమున కనబడలేదు, తానెత్తిన మట్టికట్ట మీద కనబడినది.

గాథలో మిక్కిలి రసవంతమైన భాగము రాజు దిగజారు ఘట్టము. చదువరులైన సంగ్రహకర్తలు దీనిని మోటహాస్యమని తొందరగ దాటిపోవుదురు. అది పొరపాటు. పాడువారు దేవారులు. రూంఝూ యను తంత్రీవాద్యముపై కథలు పాడుచు ఊరూర తిరుగుట, పందులను పెంచుట వారి వృత్తులు. ఒడ్డెవారును పందులను, మట్టిమోతకు గాడిదలను పెంచినవారే. ఊరివారు ఏ తిండిని జూచి వీరిని దూరముంచిరో ఆ తిండినే రాజు చేతులు చాచి తినుచున్నాడు. శ్రోతలలో ఊరిపెద్దలు కూర్చుండియుండగా, పందుల కాపరి నోట ఈ ఘట్టము వినవచ్చినప్పుడు దాని అర్థము హాస్యముతో ఆగదు. అంతియే కాదు. రాజు తట్ట మోసినాడు, కాని కూలివాడు కాలేదు; తిండి తిన్నాడు, కాని వారిలో ఒకడు కాలేదు. తెల్లవారగనే సైన్యమును పిలువగలిగినాడు. కులము విడుచుట వానికి ఒక రాత్రి వేషము. ఓడవారికి అట్టి రెండవ బ్రతుకు లేదు. విషాదమంతయు ఈ భేదమున నున్నది.

ఈ కథకు పడమట ప్రసిద్ధమైన సోదరి యున్నది. గుజరాతునందు జస్మా ఓడణ్ కథను ఎరుగనివారు అరుదు. పాటణపు రాజు సిద్ధరాజ జయసింహుడు 12వ శతాబ్దమున సహస్రలింగ తటాకమును నిర్మింపజేయుచుండగా, మట్టిపనికి వచ్చిన జస్మాను మోహించెననియు, ఆమె తిరస్కరించి పారిపోగా వెంబడించి ఓడవారిని చంపెననియు, ఆమె ఆత్మాహుతి చేసికొనుచు ఆ చెరువున నీరు నిలువకుండుగాక యని శపించెననియు చెప్పుదురు. ఫార్బ్స్ దొర 1856లో ప్రకటించిన ‘రాస్‌మాలా’ యందు ఈ కథను చేర్చెను. భవాయి యను గుజరాతీ జానపద నాటకమున ఇది ఒక ప్రసిద్ధ వేషము. 1968లో శాంతా గాంధీ దీనిని ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయమున ఆధునిక రంగస్థలమునకు తెచ్చిరి. సిద్ధరాజుపై ఈ నిందను చరిత్రగ గ్రహింపరాదు. రాణకదేవి కథలోను ఆ రాజే పరస్త్రీని కోరినవాడుగ కనబడును. గొప్పచెరువులు కట్టించిన రాజుల పేరు చుట్టు ఇట్టి కథలు చేరుట సహజము.

రెండు గాథలకును భేదము గమనింపదగినది. గుజరాతు కథలో శిక్ష చెరువునకు పడినది. జస్మా సతియై, దేవతయై, గుడి కట్టించుకొనినది. దుర్గు కథలో శాపమునకు అంత ప్రాముఖ్యము లేదు. ఇచ్చట రాజు నవ్వులపాలగుట ముందు జరిగినది, ఆమె చావు తరువాత వచ్చినది. శపించు సతికంటె, సారా పోసి రాజును పడగొట్టి పయనమైన కూలిది నాకు ఎక్కువ ప్రాణముగల పాత్రగ తోచును.

తెలుగున చెరువుకట్టకు ముడిపడిన స్త్రీమరణ కథ యనగనే ముసలమ్మ తలపునకు వచ్చును. అనంతపురమునకు సమీపమున బుక్కరాయసముద్రపు చెరువు తెగిపోవు సమయమున బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండికి బలియైన వృత్తాంతమును కట్టమంచి రామలింగారెడ్డిగారు 19వ శతాబ్దము తుదిని ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగ రచించిరి. ఆమె కాపుకోడలు, ఊరికొరకు, చెరువుకొరకు చనిపోయినది. చెరువు నిలిచినది, ఊరు ఆమెను కొలిచినది. దస్మత్‌కు చెరువు తనది కాదు. త్రవ్వినది తాను, నీరు త్రాగునది ఇతరులు. ఊరిలో ఇల్లుగల స్త్రీ మరణము త్యాగమగుచున్నది, ఊరు లేని స్త్రీ మరణము కథ మాత్రమగుచున్నది. మన సాహిత్యచరిత్రలో మొదటిదానికి కావ్యగౌరవము లభించినది; రెండవదానిని దేవారులు మోసినారు.

ఇక ఒడ్డెవారి విషయము. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున వీరిని తెలుగు మాటలాడువారుగను, చెరువులు, బావులు, బాటలు నిర్మించువారుగను వర్ణించెను. పేరునుబట్టి ఓఢ్రదేశమునుండి వచ్చినవారని సంప్రదాయము. రాతి ఒడ్డెలు, మట్టి ఒడ్డెలు అను విభాగము నేటికిని వాడుకలో నున్నది. రస్సెల్, హీరాలాల్ అనువారు 1916లో మధ్యపరగణాల జాతులను గూర్చి వ్రాయుచు బెల్దారుల ప్రకరణమున ఓడవారిని పేర్కొనిరి. గుజరాతు మొదలు తమిళదేశము వరకు ఈ పేరుతో మట్టిపని జనము కనబడుచున్నారు. వీరందరును ఒకే రక్తమని చెప్పుటకు పూనుకొనను. ఒకే పని, ఒకే సంచారము, దగ్గరి పేర్లు వీరికి గలవు. కథ ఆ బాటలవెంట నడచినదని మాత్రము చెప్పవచ్చును. దస్మత్ కథ తెలుగుది అనుట సాహసము. దస్మత్ జనములో తెలుగు మాటలాడువారు కూడ నున్నారనుట న్యాయము.

భిలాయి ప్రసంగము ఇందువలననే వచ్చినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య జరిగిన ఒడంబడికను అనుసరించి, సాలునకు 10 లక్షల టన్నుల ఉక్కు నుత్పత్తి చేయుటకై అచ్చట కర్మాగారము తలపెట్టబడెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నడిమి నాలుగేండ్లలో పొలములు, గ్రామములు చదునుచేసి, పునాదులు త్రవ్వి, మట్టి మోసినవారు స్థానికులును, శ్రీకాకుళము మొదలగు సీమలనుండి వలసవచ్చిన మనవారును. ఆడుకూలికి అచ్చట ‘రేజా’ యని పేరు. దుర్గు పల్లెలలో దస్మత్ పాట వినుచు పెరిగిన స్త్రీ మరునాడు గుత్తేదారు క్రింద తట్ట నెత్తికెత్తుకొని నడచినది.

బ్రిటిషు మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ పారీ భిలాయి కార్మికులను గూర్చి దీర్ఘకాలము పరిశోధించి 2020లో పెద్ద గ్రంథమును ప్రకటించెను. కర్మాగార నిర్మాణమునకు నరబలి కావలెనను పుకార్లు ఆనాడు పల్లెలలో వ్యాపించిన సంగతిని ఆయన మరియొక వ్యాసమున చర్చించెను. గట్టు నిలుచుటకు ఒక ప్రాణము కావలెనను ముసలమ్మనాటి నమ్మకము కొలిమిదాక వచ్చినదన్నమాట. అంతకంటె మన గాథకు దగ్గరైనది 2014 నాటి ఆయన వ్యాసము. కట్టడపు పనులలోని రేజాలపై గుత్తేదారుల, మేస్త్రీల పెత్తనము లైంగికముగను ఎట్లుండునో, ఆ అపవాదు భయమున పర్మినెంటు ఉద్యోగుల కుటుంబములు తమ స్త్రీలను ఆ పనికి పంపుట ఎట్లు మానుకొనినవో అందు వివరింపబడినది. రాజు పోయినాడు, కూలి ఇచ్చువాని చూపు పోలేదు. ఇంకొక కఠినమైన మాట కూడ చెప్పవలసియున్నది. నింద ఆ చూపు చూచినవానికి గాక చూడబడినదానికి అంటుచున్నది. దస్మత్ గాథలో మాత్రము అట్లు కాదు. ఓడవారు ఆమెను తప్పుపట్టలేదు, రాజునకు అప్పగించి తాము బ్రదుకుదమని అనుకొనలేదు. తొమ్మిది లక్షలమంది కూలి విడిచి ఆమెతో నడచిరి. సంఖ్య అతిశయోక్తియే, కాని అతిశయోక్తిని గాయకుడు ఎచ్చట వాడినాడో చూడవలెను. ఆమె అందమును గూర్చికాక ఆమె వెంట నిలిచినవారిని గూర్చి వాడినాడు.

ఈ గాథను తెలుగు చేయువారికి రెండు పదములు చిక్కు కలిగించును. హిందీ వ్రాతలలో ‘ఓడియా’ యను మాట దేశవాచకముగ పొరపడుటకు అవకాశము కలదు. దానిని ఒరియావారు అని అనువదించినచో వృత్తి మాయమగును. ‘ఒడ్డెలు’ అనియే వాడవలెను. రెండవది నాయిక పేరు. ఛత్తీస్‌గఢీలో దస్మత్ అనగా మందారము. మరాఠీలో దానిని జాస్వంద్ అందురు, తెలుగున దాసాని యను మాట యున్నది. గుజరాతు జస్మా ఇచ్చటికి వచ్చి, చెవికి దగ్గరగ నున్న ఈ పూవుపేరు దాల్చెనా యని ఊహింపవచ్చును. నిర్ణయముగ చెప్పుట లేదు. ‘కైనా’ యనునది కన్యాశబ్దభవము. పెండ్లియైన స్త్రీకి ఆ మాట చెల్లునా యని సంకోచింపనక్కరలేదు, అది రాచబిడ్డ యను అర్థమున నిలిచినది. ‘దాసాని కన్నె’ అనినచో ఉత్తరాంధ్రమునుండి భిలాయికి పోయిన వృద్ధస్త్రీలకు వెంటనే తెలియును.