బోర్డు బాగు చేయించాలా? మార్చాలా?

కొట్టు తెరిచిన రోజున బోర్డుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతాం. ఆ తరువాత దాని వంక తలెత్తి చూసేవారు అరుదు. ఎండకు రంగు వెలిసినా, వానకు తుప్పు పట్టినా పట్టించుకోం. ఏ గాలివానకో అది ఊడి పడినప్పుడే బోర్డు గుర్తుకు వస్తుంది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోతుంది.

కోనసీమలో వ్యాపారం చేసుకునేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇనుము త్వరగా చెడిపోతుంది. గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. తుప్పు దాంతోనే ముదురుతుంది. ఇది చాలదన్నట్టు అక్టోబరు వచ్చిందంటే తుపాన్ల భయం. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసినవారికి రేకులు ఎలా ఎగురుతాయో ఒకరు చెప్పనక్కరలేదు.

చర్మం వేరు, ఎముక వేరు

బోర్డులో రెండు భాగాలుంటాయి. కంటికి కనిపించే రంగు, అక్షరాలు ఒకటి. వెనుక ఉండే ఫ్రేము, దాన్ని గోడకు పట్టి ఉంచే బోల్టులు రెండోది. మొదటిది చర్మం లాంటిది. రెండోది ఎముక. చర్మం చెడితే బాగు చేయించుకోవచ్చు. ఎముక పుచ్చితే మార్చవలసిందే.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. రంగు వెలిసిందని కొత్త ఫ్లెక్సు కొట్టించి, పుచ్చిన పాత ఫ్రేముకే బిగిస్తారు. చూపుకు అది కొత్త బోర్డు. గాలికి మాత్రం పాతదే.

పరీక్ష ఇలా చేయండి

బోర్డుకు లైట్లు ఉంటే ముందు మెయిన్ ఆపండి. నిచ్చెనను ఒక మనిషి పట్టుకోవాలి. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని ఎక్కండి. నాలుగు చోట్ల చూడాలి. మొదట ఫ్రేము కింది కమ్మీ. వాన నీరు దిగి నిలిచేది అక్కడే. తరువాత వెల్డింగు అతుకులు. మూడోది బోల్టులు, నట్లు. నాలుగోది బోల్టు దిగిన గోడ.

తుప్పు మీద స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా గీయండి. ఎర్రటి పొడి రాలి, కింద గట్టి ఇనుము తగిలితే భయం లేదు. పొరలు పొరలుగా పెచ్చులు ఊడుతుంటే ఇనుము పలచబడిందన్న మాట. మొన లోపలికి దిగిపోతే ఆ కమ్మీ పని అయిపోయినట్లే. కర్ర ఫ్రేమయితే చెదలు చూడండి. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తే లోపల ఏమీ మిగల్లేదని అర్థం.

చివరగా బోర్డును రెండు చేతులతో పట్టి ఊపండి. కదిలితే తప్పు బోల్టుదా, గోడదా చూడాలి. బోల్టు వదులయితే బిగించవచ్చు. గోడ గుల్లయితే అక్కడే మళ్లీ బోల్టు దించి లాభం లేదు. గట్టి చోటు చూసి కొత్త రంధ్రం వేయించాలి.

బాగు చేస్తే సరిపోయేవి

రంగు వెలిసింది, రేకు గట్టిగానే ఉంది. అలాంటప్పుడు మార్చవద్దు. తుప్పును వైరు బ్రష్షుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి రెడ్ ఆక్సైడ్ పూయించండి. అది బాగా ఆరాక రెండు పూతలు ఎనామిల్ రంగు వేయించి, అక్షరాలు తిరగరాయించుకోవచ్చు. తుప్పు గీకకుండా రంగు వేస్తే అది లోపల తింటూనే ఉంటుంది. వెనుక వైపు కూడా రంగు పడాలి. కనపడదని వదిలేసే ఆ వైపే చాలా రేకులు ముందు చెడతాయి.

ఫ్లెక్సు బోర్డులో గుడ్డ చెడినా ఫ్రేము బాగుంటే గుడ్డ మారిస్తే చాలు. ఎండకు ఎరుపు, పసుపు ముందు పాలిపోతాయి. నీలం, నలుపు కొంత నిలుస్తాయి. అంచు మడిచి చూడండి. పగుళ్లు వస్తే గుడ్డ బిరుసెక్కింది, ఈదురుగాలికి చిరుగుతుంది. తీసేసిన ఫ్లెక్సును తగలబెట్టవద్దు. అది పీవీసీ ప్లాస్టిక్కు. దాని పొగ ఊపిరితిత్తులకు విషం.

ఎల్‌ఈడీ దీపాల బోర్డు మొత్తం ఆరిపోయినంత మాత్రాన దీపాలన్నీ పోయాయనుకోకండి. చాలాసార్లు పోయేది వాటికి కరెంటు ఇచ్చే అడాప్టరు. అది మారిస్తే బోర్డు మళ్లీ వెలుగుతుంది. అక్కడక్కడ ఆరితే ఆ ముక్క వరకే మార్చవచ్చు.

మార్చి తీరవలసినవి

ఫ్రేము రెండు మూడు చోట్ల పుచ్చితే అతుకులు వేయించి లాభం లేదు. పలచబడిన ఇనుముకు వెల్డింగు పట్టదు. రేకుకు చిల్లులు పడినా, బోర్డు ఒక పక్కకు ఒరిగినా అంతే. బాగు చేసే ఖర్చు కొత్తదాని ఖర్చులో సగం దాటుతుంటే కొత్తదే మేలు.

గాలి బలం ఎంతో ఒక లెక్క చూద్దాం. 10 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు ఉన్న మామూలు బోర్డును గంటకు 50 కిలోమీటర్ల గాలి తాకితే దాని మీద పడే ఒత్తిడి సుమారు 33 కిలోలు. గాలి 100 కిలోమీటర్లకు పెరిగితే ఒత్తిడి సుమారు 130 కిలోలు. గాలి రెండింతలయితే ఒత్తిడి నాలుగింతలవుతుంది. మామూలు గాలికి నిలిచింది కదా అని తుపానుకు నిలుస్తుందనుకోవడం పొరపాటు. ముంబయి ఘాట్కోపర్‌లో 2024 మే 13న గాలివానకు పెద్ద హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. మన కొట్టు బోర్డు అంతటిది కాకపోవచ్చు. కింద నిలబడిన మనిషి మీద పడడానికి అంతటిది కానక్కరలేదు.

అందుకే తుపాను హెచ్చరిక రాగానే, గాలి మొదలు కాకముందే ఫ్లెక్సు విప్పి, చుట్టి లోపల పెట్టండి. ఉత్త ఫ్రేములోంచి గాలి దూరి పోతుంది.

కరెంటుతో ఆటలొద్దు

ఇనుప ఫ్రేముకు లైట్లు బిగిస్తే ఎర్తింగు తప్పనిసరి. వైరు తొడుగు చిట్లి ఇనుముకు తగిలిందంటే వానలో తడిసిన బోర్డు అంతటికీ కరెంటు పాకుతుంది. షట్టరు ఎత్తే మనిషికే ముందు తగులుతుంది. బోర్డు ముట్టుకుంటే చిన్న జిల్లు అనిపించినా ఆ రోజే ఎలక్ట్రీషియనును పిలవండి. పక్కన వెళ్లే కరెంటు తీగకు బోర్డు కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగు అడుగుల ఎడంలో ఉండాలి. అంతకన్నా దగ్గరగా ఉంటే బోర్డు ఎంత బాగున్నా చోటు మార్చవలసిందే.

కొత్తది రాయించేటప్పుడు

పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉంటే బాగా కనిపిస్తుంది. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాల అక్షరం కావాలి. 216 నెంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న కొట్లవారు ఇది గుర్తుంచుకోవాలి. గంటకు 60 కిలోమీటర్లతో పోయే బండి సెకనుకు 55 అడుగులు దాటుతుంది. చదవడానికి దొరికేది రెండు సెకన్లే. బోర్డు నిండా సరుకుల పట్టీ రాస్తే కొట్టు పేరు కూడా ఎవరికీ అందదు. తెలుగులో ఒత్తులకు, గుడులకు చోటు వదలమని రాసేవారికి చెప్పండి. ఇరికించి రాస్తే దూరానికి అన్నీ కలిసిపోతాయి.

పేరు తెలుగులో ఉండాలి, వేరే భాష ఉంటే దాని కింద ఉండాలి అన్నది దుకాణాల నిబంధన. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉన్నవారు ఆ నెంబరును కొట్టు ముందు బోర్డు మీద కనపరచాలి. కాంపోజిషను పథకంలో ఉన్నవారు ఆ మాట కూడా రాయించాలి. కొత్త బోర్డులో వీటికి ముందే చోటు ఉంచితే తరువాత స్టిక్కర్లు అంటించే పని ఉండదు.

పనికి అదను

రంగు పనులకు ఎండ కాలం మంచిది. ముసురులో వేసిన రంగు సరిగా ఆరదు, పొక్కులు తేలుతుంది. మే నెలలో ఒకసారి, దసరాకు ముందు మరొకసారి నిచ్చెన ఎక్కి చూసుకుంటే చాలు. మొదటిది వానలకు ముందు, రెండోది తుపాన్లకు ముందు. ఒక్కోసారి అరగంట పడుతుంది. వదులయిన నట్టు బిగించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అదే నట్టు ఊడి బోర్డు దారిన పోయేవారి నెత్తిన పడితే, కొట్టు అమ్మినా తీరని అప్పు నెత్తిన పడుతుంది.