ఆన్‌లైన్‌లో వాకీటాకీ కొంటున్నారా? హ్యామ్ రేడియో లైసెన్స్ సంగతి ముందు తెలుసుకోండి

వచ్చే వారం నాలుగు కార్లలో అరకు వెళ్తున్నారు. ఘాట్ రోడ్డులో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదని ఎవరో చెప్పారు. ఫోన్‌లో ‘వాకీటాకీ’ అని వెతికితే రెండు మూడు వేలకే బోలెడు సెట్లు కనిపించాయి. కార్ట్‌లో వేసేశారు. ఇక డబ్బు కట్టడమే మిగిలింది.

అక్కడ ఆగండి. ఆ సెట్ ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో పేజీలో రాసి ఉందా? ఎక్కువ మంది చూడని విషయం ఇదే.

మన దేశంలో రేడియో సెట్‌లో మాట్లాడటానికే కాదు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి కూడా అనుమతి కావాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలో ఉన్నది ఇదే, 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టంలో ఉన్నదీ ఇదే. మినహాయింపు కొద్దిపాటి పరికరాలకే. వాటిలో మామూలు జనానికి పనికొచ్చేవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లు. 2018 నిబంధనల ప్రకారం వీటికి లైసెన్స్ అక్కర్లేదు. అయితే ఆ మోడల్‌కు టెలికాం శాఖ ఇచ్చే ఈటీఏ అనే ఆమోదం మాత్రం ఉండాలి.

చవకగా దొరికే చైనా సెట్లలో చాలావాటి తీరు వేరు. 136 నుంచి 174 దాకా, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా మాట్లాడేస్తాయి. పోలీసులు, రైల్వేలు, ఓడరేవులు వాడుకునే ఫ్రీక్వెన్సీలు కూడా ఆ మధ్యలోనే ఉంటాయి. మీరు సరదాగా ‘హలో, వినపడుతోందా’ అన్నది అక్కడ ఎవరి అత్యవసర సందేశం మీద పడుతుందో మీకు తెలియదు. ఫ్రీక్వెన్సీ, లైసెన్స్ వివరాలు చెప్పకుండా ఇలాంటివి అమ్ముతున్నారంటూ 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ వేదికలకు 13 నోటీసులు ఇచ్చింది.

ఇదే సెట్‌ను చట్టబద్ధంగా వాడే దారి ఒకటి ఉంది. అదే హ్యామ్ రేడియో.

హ్యామ్ అంటే ఎవరు?

పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్స్, సొంత కాల్‌సైన్ తెచ్చుకున్న ఔత్సాహికుడే హ్యామ్. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హ్యామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. చేతిలో పట్టుకునే సెట్‌తో నగరంలో కొన్ని కిలోమీటర్లే మాట్లాడగలం. ఎత్తు మీద పెట్టిన రిపీటర్ అందితే ఆ దూరం పెరుగుతుంది. షార్ట్‌వేవ్ సంగతి వేరు. ఆ తరంగాలు పై వాతావరణంలోని అయనోస్ఫియర్ నుంచి తిరిగి కిందికి వంగుతాయి కాబట్టి డాబా మీద కట్టిన తీగ ఒక్కదానితో ఖండాలు దాటి మాట్లాడొచ్చు. మధ్యలో టవర్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు, నెలనెలా రీచార్జ్ కూడా ఉండదు.

దీని విలువ తెలిసేది ఫోన్ మూగబోయిన రోజున. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. ఏళ్ల తరబడి హ్యామ్‌లెవరూ మాట్లాడని ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లను పలకరించడమే వాళ్ల పని. ఒకరకంగా సరదా యాత్ర. డిసెంబర్ 26 ఉదయం సునామీ వచ్చింది, ఫోన్ లైన్లు తెగిపోయాయి. సరదా కోసం తెచ్చిన ఆ సెట్లతోనే బృందం దీవుల సమాచారాన్ని ఒడ్డుకు చేర్చింది. ఎవరు క్షేమంగా ఉన్నారో కుటుంబాలకు చెప్పింది. పదేళ్ల తర్వాత, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖవాసులకు కరెంటు, సెల్ సిగ్నల్ రెండూ లేని రోజులు ఎలా ఉంటాయో అనుభవంలోకి వచ్చింది.

లైసెన్స్ ఎలా?

వయసు 12 ఏళ్లు నిండితే చాలు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా రాయొచ్చన్నమాట. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దీన్ని చూస్తుంది. దరఖాస్తు ‘సరళ్ సంచార్’ పోర్టల్‌లో చేసుకోవాలి. పరీక్ష ఫీజు 100 రూపాయలు. లైసెన్స్ ఫీజు 20 ఏళ్లకు 1000, జీవితకాలానికి 2000. కట్టే ముందు పోర్టల్‌లో ఒకసారి సరిచూసుకోండి.

రెండు గ్రేడ్లున్నాయి. కొత్తవారు రిస్ట్రిక్టెడ్‌తో మొదలుపెట్టడం మేలు. పరీక్షలో ఒక భాగం రేడియో సిద్ధాంతం, రెండోది నిబంధనలు. ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం వస్తే పాస్. ఓమ్స్ లా, ఆంటెన్నా పొడవు వంటి లెక్కలు ఇంటర్ సైన్స్ చదివినవారికి కొత్తేం కాదు. మార్కులు పోయేది తరచూ నిబంధనల దగ్గరే, ఎందుకంటే దాన్ని ఎవరూ చదవరు. జనరల్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా రావాలి, నిమిషానికి 8 పదాల వేగంతో. రిస్ట్రిక్టెడ్‌కు అది అక్కర్లేదు.

పాసవగానే సెట్ ఆన్ చేయకండి. పాస్ సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. లైసెన్స్‌తో పాటు కాల్‌సైన్ చేతికొచ్చాకే మాట్లాడాలి.

వచ్చాక కూడా కొన్ని హద్దులున్నాయి. వ్యాపారానికి వాడకూడదు. పాటలు ప్రసారం చేయకూడదు. ఈవెంట్ మేనేజ్‌మెంట్ వాళ్లు పెళ్లి మండపంలో వాడుకుంటామంటే కుదరదు. రహస్యాలూ కుదరవు: సెట్ ఉన్న ఎవరైనా మీ మాట వినొచ్చు, సంకేత భాషలో మాట్లాడటం నిషిద్ధం. డెలివరీ బాయ్‌లకు సెట్లు ఇచ్చి హ్యామ్ లైసెన్స్ చూపించే దుకాణదారు నిబంధన తప్పినట్టే.

ఖర్చు పెట్టే ముందు ఇది మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవాలంటే ఫోన్ చాలు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ పేరుతో ఒక షార్ట్‌వేవ్ రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో పెట్టింది. బ్రౌజర్‌లో తెరిచి 7 మెగాహెర్ట్జ్ దగ్గర తిప్పుతూ ఉండండి. మొదట గరగర శబ్దమే వస్తుంది. దాని మధ్యలోంచి ఎవరో తమ కాల్‌సైన్ చెబుతూ పిలుస్తుంటారు. పది నిమిషాలకే విసుగొస్తే ఈ హాబీ మీది కాదు. గంట గడిచినా వదలబుద్ధి కాకపోతే సరళ్ సంచార్ తెరవండి.

అరకు ట్రిప్‌కు మాత్రం ఈ పరీక్ష అందుకోదు. కార్ట్‌లో ఉన్న సెట్ పేజీలో 446 మెగాహెర్ట్జ్ అని, ఈటీఏ వివరాలు రెండూ కనిపిస్తే కొనండి. ఏ ఒక్కటి లేకపోయినా తీసేయండి.