నూటికెంత?

ఏడో తరగతి లెక్కల పుస్తకానికీ, విశాఖ వీధిలో వినిపించే వడ్డీ మాటకీ మధ్య దూరం కొలిచి చూద్దాం రండి

విశాఖలో ఎవరినైనా అప్పు అడిగి చూడండి. పూర్ణా మార్కెట్టులో సరుకుల కొట్టు కావచ్చు, గాజువాకలో స్కూటర్ల షోరూము పక్క సందు కావచ్చు, కంచరపాలెంలో మేడ మీద ఉండే రిటైర్డు మాస్టారు కావచ్చు. ‘ఎంత కావాలి’ అన్న మాట తేలగానే రెండో మాట ఒక్కటే: ‘నూటికెంతకి?’ రెండు రూపాయలు అంటారు. రూపాయిన్నర అంటారు. ‘మనోడివి కదా, రూపాయి పావలా చాల్లే’ అంటారు. నెలకి అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అది అందరికీ తెలిసిందే అన్నట్టు మాటలోనే అణిగి ఉంటుంది.

ఆ వీధి చివరి బడిలో, అదే పూట, ఏడో తరగతి పిల్లలు నల్లబల్ల మీద చూస్తున్నది ఇంకో భాష. అసలు, కాలం, రేటు. మూడింటినీ గుణించి వందతో భాగిస్తే బారువడ్డీ. రేటు ఏడాదికి, అదీ శాతంలో. మరుసటి ఏడు చక్రవడ్డీ వస్తుంది. పిల్లలు సూత్రం బట్టీ కొడతారు, మార్కులు తెచ్చుకుంటారు. ఇంటికెళ్లాక అమ్మ ‘రెండు రూపాయలకి తెచ్చాను’ అంటే అది తాము పొద్దున చేసిన లెక్కేనని చాలామందికి తట్టదు.

రెండు రూపాయలంటే ఇరవై నాలుగు శాతం. పన్నెండో ఎక్కం వస్తే చాలు. కానీ బ్యాంకు కౌంటరు దగ్గర ‘ఇరవై నాలుగు శాతం’ అంటే ‘బాబోయ్’ అని లేచి వచ్చేసే మనిషే, పక్కింటాయన ‘రెండు రూపాయలు’ అంటే ‘ధర్మవడ్డీయే కదా’ అని నోటు మీద సంతకం పెడతాడు. ఈ కథనమంతా ఆ సంతకం గురించే.

మన ప్రభుత్వాలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 2004 తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొదుపు సంఘాల మహిళలకు తెచ్చిన పథకం పేరు గుర్తుందా? పావలా వడ్డీ. ‘మూడు శాతం వార్షిక వడ్డీ పథకం’ అని పెట్టి ఉంటే ఏ ఊళ్లోనూ ఎవరికీ ఎక్కేది కాదు. నూటికి నెలకి పావలా, ఏడాదికి మూడు రూపాయలు. బజారు భాషలో పెట్టిన పేరు కాబట్టే ఆ పథకం ఇంటింటి మాట అయింది. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, ఆ పేరు పెట్టినవారికి లెక్కల పాఠ్యపుస్తకం రాసే పని కూడా అప్పగించాల్సింది!

వడ్డీ లెక్కలు తెలుగువాళ్లకు కొత్తవీ కావు. పదకొండో శతాబ్దపువాడని చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అసలు, వడ్డీ, గడువు కలిసిన చిక్కుముళ్లు మహావీరుడి గ్రంథంలో బోలెడు. పైగా విశాఖ లెక్కలకు పేరున్న ఊరు. గణాంక శాస్త్రంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సి.ఆర్. రావు ఎం.ఏ. గణితం చదివింది ఇక్కడి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే. ఆయన చదివిన ఊళ్లో మనం రోజూ ఓడిపోతున్నది ఏడో తరగతి లెక్క దగ్గర.

పదిమందిలో ఒకరు

దేశమంతటా ఇదే కథ. ప్రథమ్ అనే విద్యారంగ సంస్థ చేసే ‘అసర్’ సర్వే 2023లో 14 నుంచి 18 ఏళ్ల వయసు గ్రామీణ పిల్లల దగ్గరికి వెళ్లింది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 34,745 మందిని పలకరించారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే సగం మందికి పైగా చతికిలపడ్డారు. కనీసం తీసివేత వచ్చినవాళ్లకు డబ్బు లెక్కలు ఇచ్చి చూశారు. ఇంత డబ్బుతో ఏమేం కొనగలవు అంటే అరవై శాతం మందికి పైగా చెప్పారు. తగ్గింపు ధర ఎంత అంటే 37 శాతం మంది. అప్పు తీసుకుంటే చివరికి ఎంత కట్టాలి అన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది పదిమందిలో ఒక్కరు.

కొనడం వచ్చు, బేరం కొంత వచ్చు, అప్పు లెక్క రాదు. సర్వే వెళ్లింది పల్లెల్లోకే అయినా, ఆ పిల్లలే రేపు ఉక్కు కర్మాగారం గేట్ల దగ్గరా, పోర్టు రోడ్డు లారీల్లోనూ, ఫోన్లో అప్పులిచ్చే యాప్‌ల వలలోనూ కనిపిస్తారు.

హార్బరులో తెల్లవారుజాము లెక్క

ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్తే ఈ నిరాశ కాస్త తగ్గుతుంది. బోటు ఒడ్డుకు రాగానే చేప పాట మొదలు. బుట్ట ముందు నిలబడ్డ ఆడవాళ్లు కళ్లతోనే తూకం వేస్తారు. కాగితం లేదు, కాలిక్యులేటరు లేదు. ఐసుకెంత, ఆటోకెంత, మధ్యాహ్నానికి మెత్తబడిపోతే పోయేదెంత, అన్నీ తీసేసి పాట ఎక్కడ ఆపాలో క్షణంలో తేలుస్తారు. వీళ్లకు లెక్కలు రావని ఎవరనగలరు?

అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరలమ్మే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కొట్లో చకచకా లెక్కకట్టే పిల్లలు అవే అంకెలను బడి లెక్కగా రాసిస్తే తడబడ్డారు. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు బజారులో తేలిపోయారు. బ్రెజిల్‌లోని రెసిఫె వీధుల్లో 1985లోనే ఇలాంటిది తేలింది. ఇటు తెలివి అటు పారడం లేదు.

ఇప్పుడు హార్బరు లెక్కకే వద్దాం. చేపలమ్మే ఒకామెకు డైలీ ఫైనాన్స్ వాడు పది వేలు ఇస్తానంటాడు. చేతిలో పెట్టేది ఎనిమిదిన్నర వేలు. పదిహేను వందలు ముందే కోత. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ ఎంత బాబూ అంటే ‘పదిహేను శాతమేనమ్మా’ అంటాడు.

ఏడో తరగతి పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టండి. చేతికొచ్చింది 8,500, వడ్డీ 1,500. అంటే పదిహేను కాదు, 17.6 శాతం. అది ఏడాదికా? కాదు, వంద రోజులకు. ఏడాదికి లాగితే 64 శాతం దాటుతుంది. ఇక్కడితో ఆగితే మోసపోయినట్టే. ఎందుకంటే ఆ డబ్బు వంద రోజులూ ఆమె దగ్గర ఉండదు. రోజూ వంద చొప్పున తిరిగి వెళ్లిపోతూనే ఉంటుంది. సగటున ఆమె చేతిలో ఉన్నది సగమే. కాబట్టి రేటు రెట్టింపు: ఏడాదికి దాదాపు 130 శాతం. బజారు భాషలోకి మారిస్తే నూటికి సుమారు పదకొండు రూపాయల వడ్డీ! అదే ఫైనాన్స్ వాడు ‘పదకొండు రూపాయలకి ఇస్తానమ్మా’ అని ఉంటే ఆమె చెప్పు తీసేది.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆమె ఆ డబ్బును ఒక్క పూటలో చేపలుగా మార్చి, సాయంత్రానికి మళ్లీ డబ్బు చేస్తుంది. రోజుకు వంద తీసి ఇచ్చినా ఇంకా మిగులుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఏ బ్యాంకూ తలుపు తీయదు. అందుకే ఆమెను అమాయకురాలనను. రోజు లెక్క ఆమెకు మనందరికన్నా బాగా వచ్చు. ఏడాది లెక్కే ఎవరూ చూపించలేదు.

నోటు తిరగరాస్తే

బారువడ్డీ ఎక్కడ చక్రవడ్డీ అవుతుందో పాఠ్యపుస్తకంలో ఉండదు. మన ఇళ్లలో ఉంటుంది. ప్రామిసరీ నోటుకు కాలదోషం మూడేళ్లు. గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన కబురు పెడతాడు: ‘నోటు మార్చుకుందాం రా.’ మర్యాదగానే ఉంటుంది, టీ కూడా ఇస్తారు. పాత నోటు చింపేసి, వడ్డీ అసల్లో కలిపి కొత్త నోటు రాస్తారు.

లక్ష రూపాయలు, రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లకు లక్షా డెబ్బై రెండు వేలు. తిరగరాస్తే ఆరో ఏటికి 2,95,840. మళ్లీ తిరగరాస్తే తొమ్మిదో ఏటికి అయిదు లక్షల పైచిలుకు, సరిగ్గా లెక్కేస్తే 5,08,845. అదే నోటు మీద తొమ్మిదేళ్లూ బారువడ్డీయే నడిచి ఉంటే 3,16,000. మధ్యలో ఉన్న లక్షా తొంభై రెండు వేల చిల్లర రెండు టీలకు పెట్టిన ఖర్చు. ఎనిమిదో తరగతి చక్రవడ్డీ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది? పుస్తకాల్లో మాత్రం ఇంకా రాము అయిదు వేలు బ్యాంకులో దాస్తూనే ఉంటాడు.

వాహనాల అప్పుల దగ్గర ఇంకో చిన్న మాట పని చేస్తుంది: ఫ్లాట్ రేటు. లక్షకు పన్నెండు శాతం ఫ్లాట్, రెండేళ్లు అంటే వడ్డీ ఇరవై నాలుగు వేలు. నెలకు 5,167 కట్టాలి. అసలు తగ్గుతూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు లక్ష మీదే. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 21 శాతం పైమాటే. ‘రూపాయి వడ్డీయే అన్నా’ అని షోరూములో చెప్పింది నిజానికి రూపాయి ముప్పావలా కన్నా ఎక్కువ.

ఉక్కు ఇంటికి వచ్చే డబ్బు

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దానికి నిరసనగా కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని వందల మంది బయటికొచ్చారు. జీవితంలో ఎన్నడూ చూడనంత డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడే ఇళ్లవి.

అలాంటి ఇంటికి నలభై లక్షలు వచ్చాయనుకుందాం. మొదటి ఆదివారమే దూరపు చుట్టం ఒకాయన వస్తాడు. ‘బావా, బ్యాంకులో ఏముంది? మావోడి వెంచరులో పెట్టు, నూటికి రెండు రూపాయలు గ్యారంటీ.’ నెలకు ఎనభై వేలు! నోరూరుతుంది. బ్యాంకు ఏడు శాతమిస్తే వచ్చేది 23,333. ఆ మిగతా యాభై ఆరు వేల పైచిలుకు ఏ వ్యాపారం లోంచి, ఎవరి జేబులోంచి వస్తుంది? ఆ ఒక్క తీసివేత చేసి ఆ ప్రశ్న అడిగితే చుట్టం టీ తాగి వెళ్లిపోతాడు. అడగనివాళ్ల చరిత్ర మనకు తెలియంది కాదు. విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించి కుప్పకూలిన అగ్రిగోల్డ్‌లో పలు రాష్ట్రాల జనం 32 లక్షల ఖాతాల్లో పోసింది సుమారు 6,380 కోట్లు.

మరి ఎక్కడ పెట్టాలి అంటారా? పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఒకరు ముప్పై లక్షల వరకూ దాచవచ్చు. 60 ఏళ్లు నిండాలన్నది నియమం. కానీ పదవీ విరమణ చేసినవాళ్లకు, స్వచ్ఛందంగా చేసినా సరే, 55 దాటితే చాలు. డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లో ఖాతా తెరవాలి. ఈ మధ్య నడుస్తున్న 8.2 శాతం రేటుతో ముప్పై లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. బజారు భాషలో డెబ్బై పైసలకు కాస్త తక్కువ వడ్డీ. పక్కింటివాళ్లకు చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు, అంతే.

చీటీల గురించి రాస్తే ఇంకో ముఖచిత్ర కథనం అవుతుంది. ఒక్కటే చెబుతాను. 2019 సవరణతో చిట్టీ నడిపేవారి కమీషన్ పరిమితి అయిదు నుంచి ఏడు శాతానికి పెరిగింది. మీరు వేస్తున్నది రిజిస్టరైన చీటీయో, ఎదురింటావిడ నోటి చీటీయో ముందు చూసుకోండి. పాట లెక్క తర్వాత.

మన ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. సింపుల్ ఇంటరెస్ట్ ఒకవైపు, బారువడ్డీ ఒకవైపు. నన్నడిగితే ఆ పాఠంలో మూడో పేజీ ఒకటి కావాలి. అందులో ‘నూటికెంత’ ఉండాలి. అప్పటిదాకా ఆ మూడో పేజీ ఇంట్లో మనమే రాసుకోవాలి. నోటూ, చీటీ పుస్తకమూ పిల్లల ముందు పెట్టడానికి సిగ్గుపడకుండా.

ఒక ఆయుధం ఇప్పటికే చేతిలో ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకూ చిన్న వ్యాపారులకూ కొత్త అప్పు ఇచ్చే బ్యాంకు గానీ, ఫైనాన్స్ కంపెనీ గానీ ముందుగా ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. ఛార్జీలన్నీ కలుపుకున్న ఏడాది రేటు అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులోనే ఇమ్మని అడగండి. అందులో ఉన్న శాతాన్ని పన్నెండుతో భాగించి, సంతకం పెట్టేముందు ఇంట్లో పెద్దావిడకు చెప్పండి.