శనివారము బయలుదేరి సోమవారము చేరు విమానము

పత్తికొండలో ఒక ఇంటివారికి శాన్‌ఫ్రాన్సిస్కోనుండి కుమార్తె కబురు పంపినదనుకొందము: “శనివారము రాత్రి 8:30కు బయలుదేరి సోమవారము తెల్లవారుజామున 3:45కు బెంగుళూరు చేరుదును.” ఇంటి పెద్దలు వ్రేళ్లు మడచి లెక్కింతురు. ముప్పదియొక గంటలకు పైబడి తేలును. అంతసేపు పిల్ల ఆకాశముననే యుండునా యని బెంగ పట్టుకొనును.

ఈ వేళలు మేము ఊహించినవి కావు. 2021 జనవరి 9న ఎయిర్ ఇండియావారు ఈ రెండు నగరముల నడుమ ఎచ్చటను ఆగకుండ నడిపిన మొదటి విమానమునకు ప్రకటించినవే. దానిని నడిపిన పైలట్లందరును స్త్రీలు. కెప్టెన్ జోయా అగర్వాల్ వారికి నాయకురాలు.

జనవరిలో మన గడియారము అచటి గడియారముకంటె 13 గంటల 30 నిమిషములు ముందుండును. అచట శనివారము రాత్రి 8:30 అగునప్పటికి పత్తికొండలో ఆదివారము ఉదయము 10 గంటలు. అక్కడినుండి లెక్కించినచో ప్రయాణము 17 గంటల 45 నిమిషములే. కావున బయలుదేరు వేళను ముందుగా మన వేళలోనికి మార్చుకొని, పిమ్మట తీసివేత చేయవలెను. వేసవిలో అచటివారు గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుకొందురు గనుక తేడా 12 గంటల 30 నిమిషములకు తగ్గును.

ఇదియు ఎక్కువే యని తోచువారికి ఒక మాట. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఈ పత్తికొండలోనే కలరాతో మరణించెను. ఓడమీద పోయిన కబురు ఆంగ్లదేశము చేరుటకు నెలలు పట్టెడి కాలమది.

ఇక దూరము. రెండు విమానాశ్రయముల నడుమ 13,993 కిలోమీటర్లు. గోడపటము మీద బద్ద పెట్టి గీచినచో గీత పసిఫిక్ మహాసముద్రము మీదుగా అడ్డముగా పోవును. ఆ గీత వెంబడియే పోయినచో 16,000 కిలోమీటర్లు దాటును! పటము చదునైనది, భూమి గుండ్రనిది. ఒక బత్తాయిపండు మీద రెండు గుర్తులు పెట్టి దారము బిగించి చూడుడు; దారము పై కొసవైపునకు జరుగును. అదే దగ్గర దారి. ఆ తొలి విమానము ఉత్తరధ్రువము మీదుగనే వచ్చినది.

గంటకు 900 కిలోమీటర్ల వేగమున పదునైదున్నర గంటలు చాలవలెను గదా? నేలమీది పరుగు, ఎక్కుట, దిగుట, దారి మలుపులు కొంత కాలము తీసికొనును. అంతకుమించి గాలి యున్నది. ఉన్నతాకాశమున అది పడమటినుండి తూర్పునకు బలముగా వీచును. అటు పోవు విమానమును త్రోయును, ఎదురుగా వచ్చుదానిని ఆపును. అందుచేతనే పోవునప్పటి కాలము, వచ్చునప్పటి కాలము ఒక్కటి కావు.

దేవనహళ్లి విమానాశ్రయము బెంగుళూరునకు ఉత్తరమున నున్నది. గుత్తి, అనంతపురము మీదుగా పోవువారికి నగరముకన్న ముందే తగులును. సోమవారము తెల్లవారుజామున దిగు బిడ్డకొరకు పత్తికొండవారు ఆదివారము రాత్రి భోజనము చేసి పది గంటలకు కారెక్కిన చాలును.