70 గుర్రాలు ఎక్కడికి పోయాయి?

బుధవారం సాయంత్రానికి కాపీ ఇవ్వాలి. ఎడిటర్‌గారు అడిగింది కాకినాడ మీద పడ్డ జపాన్ బాంబుల గురించి. తీరా నేను రాస్తున్నది అమలాపురంలో మా మేనల్లుడి రూళ్ల నోట్‌బుక్ గురించి.

చరిత్ర చెప్పకపోతే ఆయన ఊరుకోరు గనక గబగబా చెప్పేస్తాను: 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, అప్పట్లో కోకనాడ అనే మన కాకినాడ మీద బాంబులేశాయి. వచ్చినవి నకజిమా బి5ఎన్‌లు. పేరుమోసిన జీరో ఫైటర్ విమానాలు తిరిగింది ముందురోజు, కొలంబో మీద.

మావాడు కంప్యూటర్ సిమ్యులేటర్లో నడిపేది మాత్రం జీరోనే. నడిపి ఊరుకోడు, ఇంజన్‌కి పరీక్ష పెడతాడు. నోట్‌బుక్‌లో ఎర్రపెన్నుతో చుట్టిన అంకె ఒకటి ఉంది: 413.

"జీరో 533 కిలోమీటర్లు పోతుందంటారు కదరా, ఇదేంటి?"

"అది గేజీ చూపించేది మావయ్యా. నాలుగున్నర వేల మీటర్ల పైన గాలి పల్చన, అందుకే గేజీ తక్కువ చూపిస్తుంది. అసలు వేగం 519."

అంటే 14 తక్కువ. అంతేగా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. వేగం కాస్త పెరగాలంటే పవర్ దానికి మూడింతల శాతం పెరగాలి. కాబట్టి ఆ 14 కిలోమీటర్ల వెనక, 950 హార్స్‌పవర్ సకాయె ఇంజన్లో 70 దాకా గల్లంతైనట్టు లెక్క. ఆట తయారుచేసినవాళ్లు ఇంజన్‌ని తక్కువ చేశారని వాడి ఫిర్యాదు.

ఈ ఆటల కచ్చితత్వం మీద నాకు మొదట్నుంచీ నమ్మకం తక్కువే. అయినా మా నాన్నగారి ఆయిల్ ఇంజన్ గుర్తొచ్చింది. అయిదు గుర్రాల ఇంజనే, నీళ్లు సగం పైపే వచ్చేవి. ఇంజన్ అమ్మేద్దామనుకున్నారు. మెకానిక్ వచ్చి, "ఇంజన్నేం అనకండి బాబూ, ఫుట్‌వాల్వు చూడండి" అన్నాడు. కాలవలోంచి లాగితే దానికి బుట్టెడు గుర్రపుడెక్క చుట్టుకునుంది.

"దేనికైనా గాలి తగుల్తోందేమో చూశావా?" అన్నాను.

వాడు నాలిక్కరుచుకున్నాడు. ఇంజన్ వేడెక్కకుండా చుట్టూ తెరిచే రేకులుంటాయి, కౌల్ ఫ్లాప్స్ అంటారు. అవి బార్లా తెరిచి పరుగు తీయించాడు. మూసి మళ్లీ పోతే గేజీ 423 చూపించింది, అసలు వేగం 531. ఇంజన్ ఎప్పుడూ బాగానే ఉంది, గుర్రాల్ని గాలి తినేసింది.

ఎత్తుకెక్కే పరీక్షలో ఈ తికమక తక్కువ. వేగం తక్కువ కాబట్టి గాలి అడ్డమూ తక్కువే, పవర్ ఎక్కువగా బరువు ఎత్తడానికే పోతుంది. ఒక గుర్రమంటే 75 కిలోల్ని సెకనులో మీటరు ఎత్తడం. 2,410 కిలోల జీరో సెకనుకి 15.7 మీటర్లు ఎక్కాలంటే ఒక్క ఎత్తుడికే 500 పైచిలుకు కావాలి. మిగతాది ప్రొపెల్లర్‌కీ గాలికీ.

"6,000 మీటర్లకి 7 నిమిషాల 27 సెకన్లు, రేపు చూస్తాను" అని కొత్త పేజీకి మార్జిన్ గీశాడు. అక్కయ్య పిలిచింది, పులస కాదుగానీ చేపల పులుసే.

బాక్స్: బురదలో దొరికిన జీరో

అసలు విమానానికే ఈ పరీక్ష పెట్టినవాళ్లు అమెరికన్లు. 1942 జూన్ 4న అలాస్కా దగ్గర అకుటాన్ దీవిలో ఒక జీరో బురదనేలలో దిగబోయి తలకిందులైంది, పైలట్ చనిపోయాడు. దాన్ని శాన్ డియాగో తీసుకెళ్లి బాగుచేసి సెప్టెంబర్‌లో ఎగరేశారు. ముక్కు ఒక్కసారిగా కిందికి తోస్తే కార్బురేటర్‌కి పెట్రోలందక ఇంజన్ ఆగిపోయేదని అప్పుడు బయటపడింది. మావాడి ఆటలో తోసి చూశాం. ఖళ్లుఖళ్లుమని దగ్గింది.