టోపీలో పనిముట్టు

నేను చిన్నపాటి బిల్డింగ్ కాంట్రాక్టర్ని. తెల్లారేసరికి అడ్డా మీదికి వెళ్లి కూలీలను మాట్లాడుకుంటాను. తాపీ మేస్త్రీ ఎవరో, పెయింటర్ ఎవరో చేతిలో సరంజామా చూస్తే దూరం నుంచే తెలుస్తుంది. అందుకే ఇంగ్లండులోని పాతకాలపు కూలి సంతలు నాకు పరాయివిగా తోచలేదు.

1348లో అక్కడ అడుగుపెట్టిన ప్లేగు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. మిగిలిన కూలీలు రేటు పెంచారు. భూస్వాములు ఊరుకుంటారా? 1351లో చట్టం చేసి కూలికి కళ్లెం వేశారు. కోతకూలీలు పనిముట్లు చేత పట్టుకుని పట్టణానికి రావాలి, చాటుమాటుగా కాక నలుగురిలోనే పనికి కుదరాలి అన్నారు. కూలీని అదుపులో పెట్టడానికి పుట్టిన పద్ధతే కాలక్రమంలో ఏ అండా లేనివాడికి ఆసరా అయింది.

చాలాచోట్ల ఏటా కోతలయ్యాక, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సంతలు జరిగేవి. గొర్రెలకాపరి టోపీలో ఉన్ని కుచ్చు, బండి తోలేవాడి టోపీలో కొరడా తాడు ముక్క. పనిమనిషి చేతిలో ఇల్లు తుడిచే మాప్. రైతు ఎగాదిగా చూసి, బేరమాడి, చేతిలో బయానా పెట్టేవాడు. చాలాచోట్ల అది ఒక షిల్లింగు. అంతే, ఏడాదికి ఒప్పందం ఖాయం. సిఫార్సు ఉత్తరం లేదు, బంధుత్వం లేదు.

థామస్ హార్డీ 1874 నాటి నవలలో గేబ్రియల్ ఓక్ అనే కాపరి గొర్రెలన్నీ పోగొట్టుకుని ఇలాంటి సంతకే వస్తాడు. పొలం మేనేజరుగా చేరాలని నిలబడితే ఎవరూ పిలవరు. కమ్మరి చేత కాపరి కర్ర చేయించుకుని, మంచి కోటు ఇచ్చేసి కాపరి చొక్కా తొడుక్కుని వస్తాడు. తీరా చూస్తే అప్పుడు అందరికీ మేనేజర్లే కావాలి! అడ్డా మీద నిలబడ్డ ఎవరినైనా అడగండి, హార్డీ అతిశయోక్తి రాశాడనరు.

అయితే కుదిరినంత తేలిక కాదు వదిలిపోవడం. యజమాని మాట తప్పితే డబ్బు కట్టి బయటపడేవాడు. ఏడాది నిండకుండా పనివాడు వెళ్లిపోతే జైలుకు పంపే వీలుండేది. 1875 దాకా చట్టం అలాగే ఉంది. అందుకే యార్క్‌షైర్ కుర్రాళ్లు షిల్లింగు అందుకునే ముందు, ఆ ఇంట్లో పనిచేసి వచ్చినవాళ్లను వెతికి పట్టుకుని అడిగేవారు: అక్కడ తిండి ఎలా పెడతారు?