విద్యాసభకు ఎవరిని ఎన్నుకొనవలయును?

బిడ్డకు మంచి బడిని వెదకు తల్లి, ఆ బడిని నడపువారెవరో విచారింపకుండుట తగునా?

1870వ సంవత్సరపు చట్టముచే లండను నగరమున విద్యాసభ యేర్పడెను. బడులు కట్టించుట, పేదబిడ్డలకు బడిజీతము మాన్పుట, పిల్లలు తప్పక బడికి వచ్చునట్లు నిబంధనలు చేయుట దాని యధికారములు. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు వోటులేని యా దినములలోనే, పన్ను చెల్లించు స్త్రీలు ఈ సభకు వోటు వేసిరి. స్త్రీలు అభ్యర్థులుగను నిలిచిరి. ఎన్ని స్థానములో అన్ని వోట్లు ఒక్కొక్కరికి నుండెను. అన్నియు నొక్కరికే యీయవచ్చును.

మెరిల్‌బోన్ భాగమున వైద్యురాలగు ఎలిజబెత్ గారెట్ 47,000లకు పైగా వోట్లతో అందరికంటె ముందు నిలిచెను. ఆమెయొద్ద చికిత్స పొందిన పేదస్త్రీల భర్తలే ఆమెను నిలువుమని కోరిరి. వారు ఆమె మాటలను గాక, తమ యిండ్లకు జరిగిన మేలును చూచిరి. గ్రీనిచ్ భాగమున గెలిచిన ఎమిలీ డేవీస్ అంతకు ముందటి యేడే స్త్రీలకొక కళాశాలను నెలకొల్పియుండెను.

సోదరీమణులారా! మన దేశమున 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘములలో ముప్పాతికమంది తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు ఉండవలయును. సభ్యత్వము కోరి వచ్చినవారిని మూడు ప్రశ్న లడుగుడు: పిల్లలకై ఇంతవరకు మీరేమి చేసితిరి? బడిసొమ్మును దేనికి వెచ్చింతురు? మన వీథిలో బడికి రాని బిడ్డ యెవరో యెరుగుదురా? మూడవదానికి బదులు చెప్పలేనివారు, మొదటి రెండింటికి ఎంత చక్కగ చెప్పినను, మన వోటునకు తగరు.